ఇరవై ఐదో టిక్కు

“పాపా, నీ డబ్బా మళ్లీ కండ్లెర్ర జేసింది!”

ఇంట్లో అడుగు పెడుతూనే కాలేషా అన్న మాట అది.

అనమ్ లాప్‌టాప్ మూసింది. సౌదీలోని హుఫూఫ్‌లో ఉంటూ ఆన్‌లైన్‌లో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. పాఠాలకన్నా సొంతంగా రాసుకునే ప్రోగ్రాములంటేనే పిచ్చి.

నాయన కాలేషా కంపెనీ బస్సు నడుపుతాడు. కూలీలను పొద్దున ఎడారిలోని సైటుకు దింపి, సాయంత్రం క్యాంపుకు తెస్తాడు. వేలితో తలలు లెక్కపెట్టే ఆయన తిప్పలు చూడలేక, బస్సు డోరు దగ్గర డబ్బా ఒకటి బిగించింది అనమ్.

ఎక్కేటప్పుడు గేటు కార్డు తాకిస్తే అది టిక్కుమంటుంది. పొద్దుటి లెక్కా, సాయంత్రం లెక్కా కలిస్తే పచ్చలైటు. కలవకుంటే ఎర్రలైటు.

“ఈరోజు ఎంత చూపించింది నాయనా?”

“పొద్దున ఎక్కింది ఇరవై నాలుగు మంది. సాయంత్రం ఇరవై ఐదంట! యాడ్నించొచ్చినాడమ్మీ ఆ ఒక్కడు? ఇసకలో మొలిచినాడా?”

నెలలో ఇది నాలుగోసారి. ఎర్రలైటు పడితే బస్సు కదలకూడదని రూలు పెట్టింది సూపర్‌వైజరే. ఆలస్యమైతే తిట్టేదీ ఆయనే.

“ఏదో బగ్గు నాయనా. రేపు నేనే వచ్చి చూస్తా.”

బుధవారం సాయంత్రం డ్రైవరు వెనక సీట్లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

టిక్కు, టిక్కు, టిక్కు. అంకె పెరుగుతోంది. ఆమె చూపంతా తెర మీదే. డోరు వైపు తలెత్తి చూడలేదు.

ఇరవై నాలుగు. పచ్చలైటు.

కాలేషా డోరు మూసి ఇంజను స్టార్ట్ చేశాడు.

టిక్కు.

అనమ్ ఉలిక్కిపడి చూసింది. మూసిన డోరు దగ్గర ఎవరూ లేరు. డబ్బా మీద ఎర్రలైటు.

తెర మీద కొత్త వరుస: కార్డు నంబరు 117. పేరు లేదు.

“ఎవరు తాకించినారు?”

“ఎవ్వలు లేరు సెల్లె,” అన్నాడు ముందు సీట్లోని రమేష్.

ఆమెకు భయం వేసింది. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ అయి, బగ్గేనని మళ్లీ అంది.

బస్సంతా విసుక్కుంది. ఆకలి మీద ఉన్నారు పాపం. కాలేషా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి తిట్లు తింటుంటే, బయట ఎవరో డోరు బాదారు.

సదానందం. చెమటతో తడిసి ముద్దయ్యాడు.

“ట్యాంకు అడుగున సెంట్రింగు చెక్కలు ఇప్పుతుంటె టైమే తెల్వలే. బస్సు పోయిందనుకున్న!”

రొప్పుతూ ఎక్కి, డబ్బాను చేత్తో తట్టాడు.

“నీ మిషను సల్లగుండ సెల్లె. ఆగింది.”

అనమ్ నవ్వింది. ఆమె బుర్ర నిండా 117.

దారిలో కాలేషా మెల్లగా అన్నాడు. “రేపు గూడా లేటైతే ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపిస్తానన్నాడు పాపా. నీ సదువు సగంలో పోతాది.”

ఇంటికి రాగానే ప్రోగ్రాములో ఒకే ఒక్క లైను చేర్చింది. 117 వస్తే లెక్కలోకి తీసుకోవద్దు, చప్పుడు కూడా చేయొద్దు.

పీడ విరగడైందనుకుంది.

గురువారం ఇరవై నాలుగు టిక్కులు. పచ్చలైటు. బస్సు టైముకే క్యాంపు చేరింది. ఆ సంతోషంలో కాలేషా కూతురికి కునాఫా మిఠాయి పట్టుకొచ్చాడు.

శుక్రవారం సెలవు.

శనివారం పొద్దున సైటు గేటు తీస్తే, ట్యాంకు అడుగున సదానందం పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

గురువారం ఎండదెబ్బకు స్పృహ తప్పినా, శుక్రవారం మధ్యాహ్నం దాకా బతికే ఉంటాడన్నాడు డాక్టరు. సెలవు కదా, ఖతీఫ్‌లో ఉండే బావమరిది దగ్గరికి పోయాడనుకున్నారట రూమువాళ్లు.

“గురువారం ఇరవై నాలుగు టిక్కులూ పడినాయి కదా నాయనా! ఆయన కార్డు లేకుండా ఎట్లా?”

కాలేషా తల దించుకున్నాడు.

“అందరి కార్డులూ రమేష్ దగ్గరే ఉంటాయి పాపా. అలిసిపోయింటారు, ఒక్కొక్కరూ యాడ నిలబడతారని... వాడొక్కడే టకటకా తాకిస్తాడు. నేనే పోనీలే అన్నా.”

అనమ్ లాప్‌టాప్ ముందు కూర్చుంది. పాత లెక్కలు తెరిచింది. గురువారానికి ముందు 117 వచ్చిన సాయంత్రాలు ఐదు. ఆ తేదీలు చెప్పి బస్సువాళ్లను ఒక్కొక్కరినీ అడిగింది.

ఒకరోజు ఒకతను వాంతులతో గోడ వెనక కూలబడ్డాడట. ఇంకోరోజు ఇంకొకతను మరిచిపోయిన ఫోన్ కోసం వెనక్కి వెళ్లాడట. ఐదు సాయంత్రాలూ ఎవరో ఒకరు వెనకబడ్డారు. ఎర్రలైటు గొడవ నడుస్తుండగా పరుగెత్తుకొచ్చి బస్సు అందుకున్నారు.

చివరగా గురువారం వరుసలు చూసింది.

ఇరవై నాలుగు టిక్కుల తర్వాత, చప్పుడు లేకుండా, 117 పదకొండుసార్లు తాకింది.

తాను చేర్చిన ఆ లైను చెరిపేసి, ఏడుస్తూనే ఆఫీసుకు పరుగెత్తింది. క్లర్కు అల్తాఫ్ పాత రిజిస్టరు తిరగేశాడు.

“వన్ సెవెంటీన్... భోజన్న. జగిత్యాల దిక్కు. ఆ కార్డు ఇక్కడ లేదు బేటా. బాడీతోటి పెట్టెలనే ఇండియాకు పోయింది.”

“ఏమైంది ఆయనకు?”

అల్తాఫ్ రిజిస్టరు మూశాడు.

“రెండేండ్ల కింద, అది గూడ గురువారమే, అందరు ఎక్కిండ్రనుకొని బస్సు పోతే, ఆ సైట్ల మిగిలిపోయింది ఆయన ఒక్కడే.”