బేరంలో లేని చెట్టు

“దిగవే. పూత మీదే మామిడి తోట కాపంతా అమ్మేశాను. ఆ కాయలు రత్నబాబువి,” అని బసవపున్నారావు కొమ్మెక్కిన మనవరాలిని కసిరాడు.

“పిల్లలు సెలవులకొచ్చారు నాన్నా, ఒక్క కాయకేంటి?” అన్నాడు కొడుకు రవికిరణ్.

“మూడేళ్లకి రెండు రోజులు. పాపం, ఇంత తీరికెలా దొరికిందిరా?”

పక్కనే కాయలు కోయిస్తున్న రత్నబాబు నవ్వాడు. “కోసుకో పాపా. మనవలొస్తారని మీ తాతగారు ఏటా ఈ చెట్టు మాత్రం నాకు అమ్మరు.”

ఇన్నేళ్లూ దాచుకున్న మాటని కొడుకు ముందే బయటపెట్టినందుకు పున్నారావుకి ఒళ్లు మండిపోయింది. “నిన్నెవరు అడిగారయ్యా?”

రవికిరణ్ తల దించుకున్నాడు. ప్రవల్లిక కొమ్మ మీది నుంచే అడిగింది. “మరి మేం రానప్పుడు ఈ కాయలు ఎవరు తిన్నారు తాతయ్యా?”

“ఉడతలు. అవి పిలవకపోయినా ఏటా వస్తాయి.”