సూదికి భయపడ్డవాడు

గాజు పెట్టెలో పాప పెసరగింజంత కాలివేలు కదిపింది. నర్సు ముచ్చటపడి నవ్వింది. అంతలోనే పాప పెదవులు మళ్లీ నీలం తిరిగాయి. నర్సు నవ్వు ఆరిపోయింది.

డాక్టరమ్మ ఇంటివాళ్లని, అన్నదమ్ములిద్దరినీ వాళ్ల తల్లినీ, తలుపు దగ్గరికి పిలిచింది.

"ఊపిరితిత్తుల్లో రక్తపోటు దిగడం లేదు. పాప జన్యువుల్లో ఒక తేడా కనిపించింది. అది అమ్మానాన్నల నుంచి వచ్చిందా, పాపలోనే కొత్తగా పుట్టిందా అన్నది తేలాలి. అప్పుడే ముందు ఏం వైద్యం చేయాలో నిర్ణయించగలం. తల్లి రక్తం తీసుకున్నాం. తండ్రిది కావాలి."

తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేనివ్వను," అన్నాడు.

"అదేంట్రా!" అతని తల్లి నోరు తెరిచింది. "మన వైపు ఇలాంటి రోగాలేం లేవుగా. ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఇవ్వనంటే ఇవ్వనమ్మా."

అన్న క్రీమ్ బన్ను కొరికాడు. మీసానికి అంటిన క్రీమును నాలుకతో లోపలికి లాక్కుంటూ, వరండా అంతా వినబడేలా అందుకున్నాడు.

"చూశారా డాక్టర్ గారూ, మావాడి ప్రతాపం! చిన్నప్పుడూ ఇంతే. సూది పేరెత్తితే మంచం కింద దూరేవాడు. ఛీ! కన్నకూతురికి చుక్క రక్తం ఇవ్వలేనివాడు తండ్రెలా అవుతాడండీ?"

నర్సు తమ్ముడి వంక చూసి మొహం చిట్లించింది. బెంచీ మీది ముసలాయన, అంటురోగం ఉన్నవాణ్ణి చూసినట్టు, కాళ్లు ముడుచుకుని అవతలికి జరిగాడు.

వార్డులో పాప తల్లి, ఆ ఇంటి చిన్నకోడలు, గోడవైపు తిరిగి పడుకుంది. అన్న లోపలికి వెళ్లి ఆమె మీదకి వంగాడు.

"వాడి సంగతి వదిలెయ్. నేనున్నాగా," అని జిడ్డు వేళ్లతో నుదురు నిమిరాడు.

ఆమెకు డోకు వచ్చింది. అత్తగారు పరుగున వచ్చి గిన్నె పట్టింది.

"నువ్వైనా చెప్పవేమే నీ మొగుడికి?" అంది వీపు రాస్తూ.

కోడలు మూతి తుడుచుకుని మళ్లీ గోడవైపు తిరిగింది.

సాయంత్రం గాజు పెట్టె పక్కన మిషన్ కీచుమని మోగింది. డాక్టరమ్మ పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహం పాలిపోయి ఉంది.

"మందులు ఎక్కువకాలం కాపాడలేవు. ఇంకా పట్టుదలకి పోతే పాప మీకు దక్కదు," అంది తమ్ముడితో.

అతను వార్డులోకి వెళ్లాడు. భార్య పక్కన కూర్చుని, చెవి దగ్గర ఏదో అడిగాడు. ఆమె కళ్లు మూసుకుని తలూపింది.

బయటికి రాగానే అన్న పళ్ల సందుల్లో పుల్ల తిప్పుతూ ఎదురయ్యాడు.

"ఏరా, పెళ్లాం ధైర్యం నూరిపోసిందా? పద, పద. ఏడ్చావంటే నేను పట్టుకుంటాలే."

తమ్ముడి భుజం మీద చెయ్యేసి, తనే ముందుండి ల్యాబ్‌లోకి నడిపించాడు. లోపల ల్యాబ్ అమ్మాయి సూది సిద్ధం చేసుకుని తలెత్తింది.

"పాప తండ్రెవరండీ?"

తమ్ముడు అన్నని రెక్క పట్టి కుర్చీలో కూలేసి, అతని చొక్కా చెయ్యి మోచేతి పైకి లాగి, "ఈయనే," అన్నాడు.