ముద్ద కట్టిన బొగ్గు

వరండాలో బొగ్గు సంచి లేదు. రాజలింగు మూలమూలా వెతికాడు.

మూడు గంటలకు యూనివర్సిటీ ల్యాబులో, ధన్‌బాద్ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ఆ బొగ్గు కాల్చి చూపాలి. ఇప్పుడు రెండుంబావు. సింగరేణి బొగ్గు బిటుమినస్ జాతిదే అయినా, కాలిస్తే మెత్తబడి ముద్ద కట్టదని, ముద్ద కట్టనిదే ఉక్కు కొలిమికి ఇంధనమైన కోకు రాదని అందరూ అనేమాట. తాను గనిలోని కొత్త పొర నుంచి తెచ్చిన బొగ్గు కడుతుందని రాజలింగు థీసిస్. కడితే డాక్టరేటు, కట్టకపోతే మూటాముల్లె కట్టడమే. ల్యాబులో ఉంచితే అటెండరు దాంతో టీ కాచేస్తాడని, మిగిలిన రెండు కిలోలూ తార్నాకలోని అద్దె గదికి తెచ్చుకున్నాడు.

"కాశవ్వా, పొద్దున పొయ్యిల బొగ్గులేసినవా?" అన్నాడు.

ఇంటి యజమానురాలు కాశమ్మ పొయ్యికన్నా మంట మీదుంది. "ఏసిన. ఏం బొగ్గులో ఏమో బిడ్డా, కరిగి బెల్లం ముద్ద లెక్క ఒకదానికొకటి అతుక్కున్నయ్. పటకారుతోని పీకి పెరట్ల పారేసిన. అన్నం సగమే ఉడికింది."

రాజలింగు పెరట్లోకి దూకాడు. బూడిద రంగు ముద్ద, ఒళ్లంతా చిల్లులు. అసలు సిసలు కోకు! ముద్దొచ్చిన ఆ ముద్దను ముద్దు పెట్టుకుని, మసి మూతితోనే బస్సెక్కాడు. వెనకనుంచి కాశమ్మ సంచి సంగతేదో చెబుతూనే ఉంది. వినే తీరిక ఎక్కడిది?

బొగ్గు మిగల్లేదని, ఇంటి పొయ్యిలోనే కాలిపోయిందని పరీక్షకుడి ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆయన ముద్దను తట్టాడు, విరిచాడు, భూతద్దం పెట్టాడు. ఈలోగా రాజలింగు చొక్కా రెండుసార్లు తడిసింది.

వంటింట్లోనే ఇంతలా కట్టిన బొగ్గుకు ల్యాబులో ఫర్నేసెందుకన్నాడు చివరికి ఆయన. అచ్చం మా ఝరియా గనుల బొగ్గులాగే ఉందని మెచ్చుకుని థీసిస్ మీద సంతకం పెట్టేశాడు.

రాజలింగు జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు. పొట్లం అందుకుని, కాశమ్మ మంచం కింది నుంచి ఒక సంచి లాగి అతని ముందు పెట్టింది. కట్టిన మూతి కట్టినట్టే ఉంది.

"వరండా కడిగితే తడుస్తదని లోపల పెట్టిన. పిలిస్తే వినకపోతివి. నీ బొగ్గు నేనెందుకు ముడ్త బిడ్డా? పొద్దున ఏసింది మన సందుల కమ్మరి వీరస్వామి ఇచ్చిన కొలిమి బొగ్గు. యాడనో ఝరియా నుంచి తెప్పిస్తడంట."