వెంట్రుకవాసి కోత

"కత్తిరించాల్సిందే!" అన్నాడు గోల్ఫ్ క్లబ్బు అధ్యక్షుడు.

"ముట్టుకోవడానికి వీల్లేదు!" అన్నాడు కార్యదర్శి.

ఇద్దరూ వియ్యంకులు. ఇద్దరి మధ్యా చేతులు కట్టుకుని పచ్చిక మేస్త్రి. కాసేపట్లో పోటీ మొదలవుతుంది. తగువంతా గ్రీన్ గురించి, అంటే గుంత చుట్టూ బంతిని మెల్లగా దొర్లించే నున్నటి పచ్చిక గురించి.

"గడ్డి పెరిగిపోయి బంతి నత్తలా పాకుతోంది బావగారూ."

"పాకడమా? ఆపినా ఆగకుండా పోతుంటే! పైగా ఈ ఎండల్లో ఇంకా గొరిగారంటే వేళ్లతో సహా మాడిపోతుంది."

"అదంతా నాకు తెలీదు. మేస్త్రీ, బంతి జోరుగా పోలేదో, రేపట్నుంచి పనిలోకి రాకు."

"జోరుగా పోయిందో, అసలు రానే రాకు" అన్నాడు కార్యదర్శి.

ఎటు చూసినా మేస్త్రి పని ఊడేలానే ఉంది. అయినా బింకం వదిలే మనిషి కాదు. ఈ పచ్చిక ప్రాణమంతా తన చేతిలోనే ఉందని కనబడిన వాళ్లకల్లా చెప్పుకునే రకం.

"ఇద్దరి మాటా నిలబెడతానండీ. వెంట్రుకవాసి తీస్తాను. అది నా చేతికొక్కదానికే తెలుసు" అని, షెడ్డులోంచి కోత మిషను తోసుకొచ్చి స్టార్ట్ చేశాడు.

నిద్రపోతున్న పసిపిల్ల జుట్టు కత్తిరిస్తున్నంత జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి అటూ ఇటూ నడిపాడు. గ్రీన్ మొత్తం అయ్యేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

అధ్యక్షుడు బంతి దొర్లించాడు. "అబ్బ! ఇప్పుడు చూడండి, ఎలా జారుతోందో!"

కార్యదర్శి దొర్లించాడు. "ఎంత ఒద్దికగా ఆగిందో చూశారా బావగారూ! నేను మొత్తుకుంది ఇందుకే."

వియ్యంకులిద్దరూ భుజాల మీద చేతులేసుకున్నారు. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే గర్వమూ వచ్చింది.

మిషను ముందున్న గడ్డి తొట్టిలోకి తొంగిచూశాడు అధ్యక్షుడు. "ఇందులో ఒక్క పరకైనా లేదేమయ్యా?"

"అదేనండీ పనితనమంటే! పొడిపొడై గాల్లో కలిసిపోతుంది. ఒకళ్లు నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు మేస్త్రి మీసం దువ్వుకుంటూ.

అంతలో, క్లబ్బులో మిషన్లు బాగుచేసే అతని బావమరిది గోనెసంచి మూటతో ఒగురుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఆ మిషనెందుకు బయటికి తీశావు? సానకిచ్చిన బ్లేడు ఇంకా బిగించనే లేదు, ఇదిగో, నా చంకలోనే ఉంది!"