జరిగిన రాయి

"ఇవాళ ఆ లైను తెగుతుంది, నీ ఉద్యోగం పోతుంది. చూస్తూ ఉండు" అంది విజయదుర్గ, కూతురికి క్యారేజీ అందిస్తూ.

"ఏమీ తెగదమ్మా. నువ్వు ఇంటికెళ్ళు" అంది తన్మయి.

దిల్‌సుఖ్‌నగర్ స్కానింగ్ సెంటర్లో తన్మయి ఆపరేటరు. ఇక్కడ తీసిన స్కానింగులు డిజిటల్ టెలిఫోన్ లైన్లో ఎల్బీనగర్ ఆఫీసు కంప్యూటరుకు వెళ్ళాలి. చూసే డాక్టరు ఉండేది అక్కడే. ఈ నెలలో రెండుసార్లు లైను పోయింది. ఇంకోసారి ఒక రోజంతా పోతే ఈ సెంటరు మూసేస్తానని ఓనరు రామారావు చెప్పేశాడు.

బయట రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కూలీలు గడ్డపారలు పట్టుకుని నిలబడిపోయారు. వాళ్ళ ముందు ఫుట్‌పాత్ మీద, మాసిన చొక్కా ముసలాయన ఒకడు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"లే తాతా. పని ఆగుతుంది" అన్నాడు మేస్త్రీ నవీన్.

"లెవ్వ."

"టెలిఫోనోళ్ళ గుర్తు రాయి గాడుంది. లైను గాడనే ఉంటది. ఈడ నీకేం పని?"

"పండ్ల బండోడు రాయి జరిపిండు. లైను జరగలే. ఈడనే ఉంది."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు. తవ్వుతే నా మీదికెల్లి తవ్వు."

క్యారేజీ ఇచ్చి బయటికొచ్చిన విజయదుర్గ ఇదంతా విని ఆగింది. పిచ్చివాడేమో. రాయి విసిరితే ఎదురుగా అంతా అద్దాల తలుపే.

"పెద్దాయనా, దణ్ణం పెడతాను, లేచి వెళ్ళండి. లోపల మా పిల్ల ఉంది."

"నీ పిల్ల కోసమే కూసున్న తల్లీ."

ముక్కూ మొహం తెలియనివాడు, తన పిల్ల కోసం కూర్చోవడమేమిటి?

విజయదుర్గ లోపలికి పరుగెత్తి పోలీసులకు ఫోన్ చేసింది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ముసలాయన్ని రెక్కలు పట్టి లేపారు.

"మీరు లేపుతున్నరు. నేను లేస్తలేను" అన్నాడు, జీపు ఎక్కిస్తుంటే కూడా.

కూలీలు తవ్వడం మొదలుపెట్టారు. నాలుగో గడ్డపార పోటుకు లోపల తెర మీద స్కానింగు సగంలో ఆగిపోయింది.

రామారావు తన్మయి సెల్‌కి ఫోన్ చేశాడు. సాయంత్రం దాకా చూస్తాడట. తర్వాత తాళమే.

టెలిఫోన్ ఇంజనీరు మురళీకృష్ణ వచ్చి గుంటలోకి చూశాడు. తెగిన తీగలు వందల్లో ఉన్నాయి.

"ఎప్పటికవుతుందండీ?" అడిగింది తన్మయి.

"వారం పడుతుంది. ఏ తీగ ఎవరిదో మా కాగితాల్లో లేదు. ఈ తీగలన్నీ కలిపి జాయింటు వేసిన అంజయ్యకే తెలుసు. ఆయనుంటే సాయంత్రానికి ఇచ్చేస్తాం."

"పిలిపించండి."

"రిటైరై రెణ్ణెల్లయింది. తవ్వకం అయ్యేదాకా లైను మీదే కూర్చుంటానన్నాడు. పొద్దున్నుంచి ఇక్కడే ఉండాలి. ఎవరైనా చూశారా?"

మేస్త్రీ తల దించుకున్నాడు. తన్మయి తల్లి వైపు చూసింది.

విజయదుర్గ ఇంజనీరు ముందుకొచ్చింది.

"పోలీస్ స్టేషన్లో ఉన్నాడు బాబూ. పంపించింది నేనే."