వాపసు సరుకు

యుద్ధం ముగిసింది. మిత్రదేశం పంపే సరుకు కూడా ఆ ఉదయంతో ఆఖరు. భీమిలిలో ప్రతి డాబా మీదా రోజూ వాలే ఎగిరే యంత్రాల్లో ఒకటి నూకరత్నం ఇంటి మీద వాలింది. ఆమె బియ్యం, మందులు దించుకుంది. ఇక అది ఖాళీ పెట్టెతో వెళ్ళిపోవాలి.

అంతలో అత్త పైడమ్మ స్టీలు డబ్బా నిండా కొత్తావకాయతో మెట్లెక్కి వచ్చింది.

"ఇన్నాళ్ళు తిండెట్టినోళ్ళ గిన్నె ఖాళీగా పంపుతామేటే?" అంటూ డబ్బాను పెట్టెలో పెట్టింది.

యంత్రం కదల్లేదు. "పెట్టె ఖాళీ చేయండి," అంది.

"సెయ్యను. పట్టుకుపో."

చుట్టుపక్కల డాబాల మీదా అదే తంతు. ఒకచోట కాజాలు, ఒకచోట ఎండుచేపలు, ఎక్కడి యంత్రం అక్కడే. మధ్యాహ్నంతో మిత్రదేశం వాటిని నడపడం ఆపేస్తుంది; ఆలోగా ఎగరకపోతే అవి ఇక్కడే ఉండిపోతాయి. అరువు తెచ్చుకున్న గిన్నెను దాచుకున్నట్టే అవుతుంది. నూకరత్నానికి, ఒకసారి పురుగుపట్టిన పప్పును వాపసు అంటే ఇదే యంత్రం మారుమాటాడకుండా తీసుకుపోయిన సంగతి గుర్తొచ్చింది.

"సరుకు బాగోలేదు! వాపసు!" అని అరిచింది.

"క్షమించండి," అంటూ యంత్రం మూత వేసుకుని పైకి లేచింది.

"నా ఆవకాయ బాగోలేదా!" పైడమ్మ మండిపడింది.

"ఊరుకో అత్తా, అటు సూడు!"

డాబా డాబా మీదా అదే కేక. యంత్రాలు వరసగా లేచి సముద్రం మీదికి సాగాయి. జనం ఈలలు వేశారు.

"ఇంకెప్పుడూ రావు కదత్తా."

పైడమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "రాకేటి? మన డబ్బా ఆళ్ళకాడే ఉంది. ఖాళీగా మాత్రం తేరు."