పచ్చగా ఉన్నదల్లా

పురుగుల్ని గుర్తుపట్టే కెమెరాలు ప్రతి పెరట్లోనూ వెలిసిన కాలమది. ఆకుల రసం పీల్చే పచ్చదోమల్లో జాతుల్ని వేరుచేసి పేర్లు పెట్టడంలోనే జీవితం గడిపిన సుభాషిణికి, తన గోరింట చెట్టు మీద ఎవరూ ఎరగని రకం కనిపించింది. ఆమె సంతోషపడేలోగా కెమెరా దాన్ని మామూలు చీడ అనేసింది. వెంటనే పురుగుమందు చల్లే డ్రోన్ వచ్చేసింది.

"ఆగు! పచ్చగా ఉన్నదల్లా ఒకటే జాతా? దాని తల చూడు, రెక్కల మీద గీతలు చూడు!" అంటూ సుభాషిణి చీపురెత్తి అడ్డం పడింది.

"పక్కకి జరగండమ్మా," అంటూనే డ్రోన్ చెట్టంతా తడిపేసి పోయింది.

సాయంత్రం ఆ కెమెరాలు నడిపే శాఖ అధికారి ఫోన్ చేశాడు. "మేడమ్, కెమెరా బొమ్మలు మళ్లీ చూశామండి. అది కొత్త జాతే. బతికున్నవి రెండు పంపిస్తారా?"

సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. "బతికున్నవా? అన్నీ చెట్టు కిందే పడున్నాయి. నువ్వే వచ్చి ఏరుకో!"